వెన్నెల కోత

తుక్కు వేలంలో కిలోల లెక్కన కొన్న దీన్ని.
గద్వాల మున్సిపాలిటీ గోడౌను వెనక
చెత్త రిక్షాల కింద బోర్లా పడి ఉండె.
కాటా కాడ గుమాస్త నవ్విండు:
"బీడు ఇనుము. వంగదు, అతకదు.
వెల్డింగోనివి, నీకెందుకు గోకారీ?"
నేను జవాబియ్యలే.
ముంజేతులకు తుప్పు అంటుతుంటే
బండి మీదికి ఎత్తుకున్న.

రంగు గీకేందుకే మూడు దినాలు పట్టింది.
పైన వెండి పూత.
దాని కింద ఏ ఎన్నికలదో ఒక రంగు,
గెలిచినోళ్లు దాని మీద పూసిన ఇంకో రంగు.
ఆ కింద పోస్టర్ల మైదా అట్ట,
అందులో ఎవరో హీరోయిన్‌ది సగం కన్ను.
ఆ కింద నలుపు.
నలుపు కింద సింధూరం.
అప్పుడు లేచినయి ఉబ్బెత్తు అక్షరాలు.
నా బిడ్డ కూడబలుక్కొని చదివింది:
బర్మింగ్‌హామ్.

గ్యాసు కోసం పోసిన గొట్టమట ఇది.
ఆ దేశంలో వీధుల కింద గ్యాసు పారేదట
మన కాలువల్లో నీళ్లలెక్క.
రాయచూరు టేసన్ల దిగి
ఎడ్లబండ్ల మీద రెండు రాత్రులు నడిచి
గొట్టం వచ్చింది, గ్యాసు రాలే.
గ్యాసునూనె వచ్చింది, డబ్బాల్లో.
దాంతోపాటు మా ముత్తాత ఉశేనప్ప,
భుజాన నిచ్చెన, నడుముకు వత్తుల కత్తెర.

పన్నెండు స్తంభాలు
కోట వాకిలి నుంచి కచేరి మెట్ల దాకా.
పదమూడోది ఉంటే
మా వాడలో ఉండేది.

దీపం కింద చేతులు చాపినట్టు రెండు కమ్ములు.
బజారోళ్లు వాటికి తోరణాలు కట్టిన్రు,
పీర్ల పండుగకు దట్టీలు కట్టిన్రు,
పంక్చరాయన టైర్లు తగిలేసిండు.
ఎందుకున్నయో ఎవరూ అడగలే.
ఎడమ కమ్మి మీద వేలు పట్టేంత గుంత.
నిచ్చెన ఆనిన చోటు.
కట్టె ఇనుమును అరగదీయాలంటే
ఎన్ని మాపులు కావాలె?

అన్ని మాపులకూ జీతం లేదు.
వెన్నెల రాత్రుల్లో దీపం ముట్టించొద్దని హుకుం.
నూనె మిగులు, కూలీ మిగులు.
లెక్కల బుక్కులో ఎర్రసిరాతో
'వెన్నెల కోత' అని రాసేటోళ్లట.
ఆకాశం నిండా మబ్బు కమ్మినా
పంచాంగం వెన్నెలంటే వెన్నెలే.

మా ఇంట్ల అమాస అంటే
జొన్నరొట్టె మీద బెల్లం.
ఉశేనప్ప బిడ్డ, మా అవ్వ సవారమ్మ,
చందమామను చూపి
ఏ పిల్లకూ బువ్వ తినిపియ్యలే.

కరెంటు వచ్చినంక
ఒక స్తంభం జెండా కట్టె అయింది,
రెండు బర్రెల కొట్టానికి గుంజలైనయి,
నాలుగింటిని హైదరాబాదు రిసార్టోళ్లు కొనుక్కపోయిన్రు,
పెండ్లి ఫోటోల కోసం.
తతిమ్మావి ఏ కొలిమిల పడ్డయో.

దీన్ని తలకిందులు చేసి కొడితే
కందిరీగల గూళ్లు రాలినయి.
గ్యాసు కోసం ఖాళీ ఉంచిన కడుపు
ఇన్నేండ్లూ ఖాళీగనే.
తాడుకు బోల్టు కట్టి లోపలికి జారవిడిచిన,
టంగు టంగుమనుకుంట కిందికి దిగింది.
దాని వెంట వైరు లాగిన.
మా వాడ మొదట్లో గుంత తీసి పాతినం.
పొద్దు గూకంగనే తనే వెలిగే బల్బు పెట్టినం.
కచేరీని అడగదు, పంచాంగం చూడదు.

మొదటి పున్నమి.
బయట మంచం మీద అవ్వ
ఉలిక్కిపడి లేచింది.
"ఎవర్రా ముట్టిచ్చింది!
ఆర్పుండ్రి, ఆర్పుండ్రి,
నాయిన జీతం కోస్తరు!"

ఏం చెప్పాలె.
తొంభై రెండేండ్లు దాటిన మనిషికి
సెన్సారు అంటే ఏమని చెప్పాలె.

షాపు షట్టరెత్తి
స్తంభానికి ఎదురుగ నిలబడి
వెల్డింగు రాడు ముట్టించి పట్టుకున్న.
పొద్దు పొడిచిందనుకొని
బల్బు ఆరిపోయింది.

రాడు అయిపోయేదాకా పట్టుకున్న.
మళ్లీ వెలిగేసరికి
అవ్వ నిద్రలో ఉంది,
ముఖం మీద ఏ వెలుగు పడుతుందో తెల్వక.